పదమూడు నెలల తర్వాత వచ్చిన బియ్యం

ఉమ్మడి నల్గొండ జిల్లాలోని ఒక మండల కేంద్రంలో, ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో నేను గణితం బోధిస్తాను. 2020 మార్చి నాటికి అక్కడ చేరి తొమ్మిదేళ్లయింది. నెలకు పదకొండు వేల రూపాయల జీతం ప్రతి నెలా పదో తేదీ దాటాక చేతికి నగదుగా వచ్చేది. సంతకం పెట్టే రిజిస్టరు బడిలో ఒకటే ఉండేది. నియామక పత్రం నా దగ్గర లేదు, ఎవరి దగ్గరా లేదు. ఆ రెండు విషయాలు ఎంత ముఖ్యమైనవో తొమ్మిదేళ్లలో నాకు ఒక్కసారీ తట్టలేదు.

మార్చి 14న విద్యాసంస్థల మూసివేతపై రాష్ట్ర ప్రభుత్వ ప్రకటన వచ్చినప్పుడు మేము పదో తరగతి పిల్లలకు చివరి పునశ్చరణ చేయిస్తున్నాం. 19న పరీక్షలు మొదలయ్యాయి, కొన్ని పేపర్లు అయ్యేసరికి హైకోర్టు ఆదేశంతో ఆగిపోయాయి. 22న జనతా కర్ఫ్యూ, ఆ వెంటనే లాక్‌డౌన్. ఏప్రిల్ రెండో వారంలో కరస్పాండెంట్ సార్ ఒక్కొక్కరినీ విడివిడిగా బడి గేటు దగ్గరికి పిలిపించి మార్చి జీతంలో సగం చేతిలో పెట్టారు. మిగతా సగం బడి తెరిచాక ఇస్తామన్నారు. ఆ తర్వాత నాలుగు నెలల పాటు ఏమీ రాలేదు.

అప్పటికే మా సెల్‌ఫోన్లలో కేంద్ర హోంశాఖ మార్చి 29న ఇచ్చిన ఉత్తర్వు తిరుగుతోంది. లాక్‌డౌన్ వల్ల మూతపడిన కాలానికి కూడా యజమానులు తమ పనివారికి ఎలాంటి కోత లేకుండా, ఇవ్వవలసిన తేదీకే వేతనం చెల్లించాలని విపత్తు నిర్వహణ చట్టం కింద ఇచ్చిన ఉత్తర్వు అది. దాన్ని నేను ముప్పైసార్లు చదివి ఉంటాను. మా స్టాఫ్‌రూమ్‌లో అందరికంటే చిన్నదైన హిందీ టీచర్ దాన్ని తెలుగులో రాసి మాకందరికీ పంపింది. ఆ రోజు మాకు కలిగిన ధైర్యం నిజమైనది. అందులో పరిశ్రమలు, దుకాణాలు, వాణిజ్య సంస్థలు అన్న మాటలే ఉన్నాయనీ, బడి అన్న మాట లేదనీ మేము అప్పుడు గమనించలేదు.

యాజమాన్యం వైపు నుంచి వినిపించిన మాట కూడా పూర్తిగా అబద్ధం కాదు. మా బడి వంటి చిన్న బడుల్లో ఏడాది ఫీజులో పెద్ద భాగం మార్చిలోనే వసూలవుతుంది. పంట డబ్బులు చేతికొచ్చాక, వార్షిక పరీక్షల ముందు, బాకీలన్నీ కట్టించుకుంటారు. ఆ ఏడాది వార్షిక పరీక్షలే జరగలేదు, పిల్లలందరినీ పై తరగతికి పంపారు. దానితో బాకీ కట్టవలసిన అవసరమే తల్లిదండ్రులకు కనిపించలేదు. ఏప్రిల్ 21న రాష్ట్ర ప్రభుత్వం 46వ నంబరు జీవో ఇచ్చి, 2020-21లో ఫీజు పెంచకూడదనీ, ట్యూషన్ ఫీజును మాత్రమే నెలనెలా తీసుకోవాలనీ చెప్పింది. అది తల్లిదండ్రులకు అవసరమైన రక్షణే. కానీ ఆ నెలనెలా వచ్చే ఫీజులో ఉపాధ్యాయుల జీతం ఎవరు చూడాలన్న ప్రశ్నకు మాత్రం అందులో మాకు పనికొచ్చే జవాబు దొరకలేదు. "ఫీజులు రాకుంటే నేను యాడికెళ్లి తెచ్చియ్యాలె టీచర్?" అని కరస్పాండెంట్ సార్ అడిగినప్పుడు నేను మాట్లాడలేకపోయాను. తొమ్మిదేళ్లు ఫీజులు వచ్చిన కాలంలో పక్కన పెట్టవలసింది ఎంత, పెట్టింది ఎంత అని అడగవచ్చని నాకు తెలిసింది చాలా రోజుల తర్వాత.

ఆ నెలల్లో ఊళ్లో వినిపించిన మాటలను కూడా ఉన్నవి ఉన్నట్టు రాయాలి. పాఠమే చెప్పనప్పుడు ఫీజెందుకని తల్లిదండ్రులు అడిగేవారు. వారిలో చాలామంది హైదరాబాదులో సెక్యూరిటీ గార్డులుగా, హోటళ్లలో వంటవాళ్లుగా పనిచేస్తూ పని పోయి తిరిగొచ్చినవారు, వారి కోపంలో న్యాయముంది. మరికొందరు మమ్మల్ని చూసి "ఇంట్ల కూసుంటే కూడా జీతం వస్తది కదా టీచరమ్మా" అనేవారు. ప్రభుత్వ ఉపాధ్యాయులకూ మాకూ తేడా బయటివారికి తెలియదు. ఆ మాట విన్నప్పుడల్లా జీతం రావడం లేదని చెప్పుకోలేక తల దించుకుని వచ్చేసేదాన్ని. మా ఎదురింట్లో ఉండే విశ్రాంత ప్రధానోపాధ్యాయుడికి ఆ నెల పింఛను సగమే పడింది. మార్చి నెలాఖరున రాష్ట్ర ప్రభుత్వం ప్రజాప్రతినిధుల జీతాల్లో 75 శాతం, అఖిల భారత సర్వీసుల అధికారులకు 60 శాతం, ఉద్యోగుల్లో అధికులకు, పింఛనుదారులకు 50 శాతం నిలిపివేసింది. ఆయన మందులకు లెక్క చూసుకుంటూ చాలా బాధపడ్డారు. పింఛనులో కోత ఏ చట్టం కింద విధించారని హైకోర్టు ప్రశ్నించింది, జూన్‌లో ప్రభుత్వం దానికోసం ఒక ఆర్డినెన్సు తెచ్చింది. నిలిపిన డబ్బు అయినా అది లెక్కలో ఉంది, అడగడానికి చట్టముంది, వినడానికి కోర్టుంది. మాకు నిలిపిన జీతానికి ఒక కాగితం కూడా లేదు. ఇది ఆయన మీద అసూయతో రాస్తున్న మాట కాదు. ఆ నెలలో మా ఇంటికి కూరగాయలు పంపినవారు ఆయనే.

మా ఆయన ఆటో నడుపుతారు. లాక్‌డౌన్‌లో ఆటో నిలిచిపోయింది, ఫైనాన్స్ వాయిదా మాత్రం అట్లాగే ఉంది. అద్దె భారమై ఏప్రిల్ చివర్లో మేము మండల కేంద్రం విడిచి, పన్నెండు కిలోమీటర్ల దూరంలోని అత్తగారి ఊరికి వెళ్లాం. ఆహార భద్రత కార్డు ఉన్నవారికి ప్రభుత్వం మనిషికి 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1500 రూపాయలు ఇచ్చింది. మా కార్డులో ముగ్గురి పేర్లుండడం వల్ల 36 కిలోలు వచ్చాయి. ఆ బియ్యం లేకపోతే ఆ వేసవి ఎట్లా గడిచేదో నేను చెప్పలేను.

మే మొదటి వారంలో ఉపాధి హామీ పనికి పోవాలని నేనే నిర్ణయించుకున్నాను. అత్తమ్మ ఒప్పుకోలేదు, బీఈడీ చదివిన కోడలు తట్ట ఎత్తితే నలుగురూ ఏమంటారన్నారు. ఆమె జాబ్‌కార్డులోనే నా పేరు చేర్చించాలి. ఆధార్ నకలు, బ్యాంకు పాసుపుస్తకం నకలు ఇచ్చి, ఫీల్డ్ అసిస్టెంట్ వెంట తిరిగి, తొమ్మిది రోజులకు పేరు ఎక్కించుకున్నాను. పొద్దున ఆరు గంటలకు చెరువు పూడిక దగ్గర ఉండాలి, పదిన్నరకు ఎండ ముదిరేలోపు కొలత పూర్తి కావాలి. ఆ ఏడాది తెలంగాణలో రోజు కూలి 237 రూపాయలని నిర్ణయించారు, కానీ కొలత ప్రకారం కట్టే కూలి కనుక మా గుంపుకు రోజుకు 160, 170 మధ్యనే పడింది. నేల గట్టిగా ఉన్న చోట మట్టి తక్కువ లేస్తుంది, కొలత తగ్గుతుంది, కూలి తగ్గుతుంది. ఘనమీటర్ల లెక్కను నేను ఏడేళ్లుగా ఎనిమిదో తరగతికి చెబుతున్నాను. ఆ లెక్కలో ఒక మనిషి చెమట ఎంత ఉంటుందో గడ్డపార పట్టాకే తెలిసింది.

మొదటి రోజు ఆ గుంపులో నా విద్యార్థి తల్లి ఒకామె ఉంది. ఆమె నన్ను చూసి ఒక్క మాటా అనకుండా తన తట్ట పక్కన పెట్టి, నా తలకు చుట్టకుదురు సరిచేసి, బరువు ఎట్లా ఎత్తాలో చూపింది. తర్వాత ఇరవై మూడు రోజులు ఆమె నా పక్కనే నడిచింది. ఫీజుల గురించి అడిగే తల్లిదండ్రులను, జీతాల గురించి అడిగే టీచర్లను ఎదురెదురుగా నిలబెట్టి మాట్లాడేవారు ఎవరైనా కనిపిస్తే, నాకు ఆమె గుర్తుకొస్తుంది. ఆమెకు ఇద్దరు పిల్లలు మా బడిలోనే, ఆమె కట్టవలసిన బాకీ ఆరు వేలు, నాకు రావలసిన బాకీ అప్పటికి పదహారున్నర వేలు. మేమిద్దరం ఒకే చెరువులో మట్టి మోసుకుంటున్నాం.

ఈలోగా మేము ఆశ పెట్టుకున్న మార్చి 29 నాటి ఉత్తర్వును కేంద్రం మే 17న ఉపసంహరించుకుంది. జూన్ 12న సుప్రీంకోర్టు, ఆ ఉత్తర్వును అమలు చేయని యజమానుల మీద బలవంతపు చర్యలు తీసుకోవద్దనీ, వేతనాల సంగతి యజమానులూ పనివారూ కూర్చుని మాట్లాడి తేల్చుకోవాలనీ చెప్పింది. కూర్చుని మాట్లాడుకోవడానికి ఇద్దరికీ కొంతైనా సమానమైన బలం ఉండాలి. బడి తెరిచినప్పుడు మళ్లీ పిలుస్తారో లేదో తెలియని టీచరుకు ఏం బలముంటుంది?

జూలైలో మేము ముగ్గురం టీచర్లం జిల్లా కేంద్రంలోని కార్మిక శాఖ కార్యాలయానికి వెళ్లాం. అక్కడి అధికారి మమ్మల్ని కూర్చోబెట్టి, ఓపికగా, దాచకుండా విషయం చెప్పారు. పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం 'వర్క్‌మన్' అన్న నిర్వచనంలోకి ఉపాధ్యాయులు రారని 1988లోనే సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చిందట. చదువు చెప్పడం ఒక ఉదాత్తమైన వృత్తి కనుక అది ఆ చట్టం చెప్పే కార్మిక పనుల కోవలోకి రాదన్నది అందులోని తర్కం. మమ్మల్ని గౌరవిస్తూ చెప్పిన ఆ మాటే మాకు ఆ తలుపు మూసేసింది. జీతం ఇస్తున్నట్టు ఆధారమేదైనా ఉందా అని ఆయన అడిగారు. నగదుగా ఇచ్చేవారన్నాను. పీఎఫ్ ఉందా అన్నారు. లేదన్నాను. మార్చి 28 నుంచి కోవిడ్ కారణంగా పీఎఫ్ నిల్వలో 75 శాతం, లేదా మూడు నెలల మూల వేతనం, కరువు భత్యం కలిపిన మొత్తం, వీటిలో ఏది తక్కువైతే అంత తీసుకునే వీలు కల్పించారు. హైదరాబాదులో పనిచేసే నా స్నేహితురాలు దానితోనే ఇంటద్దె కట్టుకుంది. ఇరవై మంది గానీ అంతకంటే ఎక్కువ మంది గానీ పనిచేసే చోట పీఎఫ్ ఉండాలని చట్టం చెబుతుంది. మా బడిలో టీచర్లం పందొమ్మిది మంది, ఆయాలు, డ్రైవర్లు, క్లర్కు కలిపితే ఇరవై ఏడు. కాగితం మీద మాత్రం ఎప్పుడూ ఇరవై లోపే.

ఆగస్టులో ఫోన్‌లో పాఠాలు మొదలయ్యాయి. సెప్టెంబర్ 1 నుంచి ప్రభుత్వం కూడా దూరదర్శన్ యాదగిరి, టీశాట్ టీవీ ఛానెళ్ల ద్వారా పాఠాలు మొదలుపెట్టింది. మా యాజమాన్యం పందొమ్మిది మందిలో ఏడుగురినే పిలిచి, మూడో వంతు జీతం ఇస్తామంది. డేటా ఖర్చు మాదే. పిలవని పన్నెండు మందిలో సైన్స్ సార్ పుచ్చకాయలు అమ్మారు, తర్వాత టిఫిన్ బండి పెట్టుకున్నారు. ఆయన బండి దగ్గర తినడానికి విద్యార్థుల తండ్రులు పనిగట్టుకుని వచ్చేవారు. 2021 ఫిబ్రవరి 1న తొమ్మిది, పది తరగతులకు, 24 నుంచి ఆరు, ఏడు, ఎనిమిదికి బడి తెరిచారు. సరిగ్గా నెలకు, మార్చి 24 నుంచి, రెండో ఉద్ధృతి వల్ల మళ్లీ మూసేశారు. మొదటిసారి మూసినప్పటికంటే ఈసారి భయం ఎక్కువైంది, ఎందుకంటే ఏం జరుగుతుందో ఈసారి మాకు తెలుసు.

ఏప్రిల్ 8న రాష్ట్ర ప్రభుత్వ ప్రకటన వచ్చింది. గుర్తింపు పొందిన ప్రైవేటు పాఠశాలల ఉపాధ్యాయులకు, సిబ్బందికి నెలకు 2000 రూపాయలు, కుటుంబానికి 25 కిలోల బియ్యం, బడులు తెరిచేదాకా. రాష్ట్రమంతటా ప్రైవేటు టీచర్లు కూలి పనులకు పోతున్న వార్తలు, కొందరు ప్రాణాలు తీసుకున్న వార్తలు ఏడాదిగా వస్తూనే ఉన్నాయి. మాకు జీతం లేదన్న సంగతిని ప్రభుత్వం బహిరంగంగా ఒప్పుకున్నది ఆ రోజే అని నా అభిప్రాయం. అందుకు నేను ఇప్పటికీ కృతజ్ఞురాలిని. ఆ సాయం చేతికందడానికి నడిచిన దారిని మాత్రం వివరంగా చెప్పాలి.

దరఖాస్తుకు నాలుగైదు రోజుల గడువే ఉంది. బ్యాంకు ఖాతా వివరాలు, ఆధార్ నంబరు, రేషన్ దుకాణం వివరాలు బడి ద్వారానే వెళ్లాలి, మేము ఆ బడిలో పనిచేస్తున్నామని బడే ధ్రువీకరించాలి, ఆ తర్వాత విద్యాశాఖ పరిశీలన. అంటే పదమూడు నెలలుగా మాకు పూర్తి జీతం ఇవ్వని చోటికే వెళ్లి, మేము మీ ఉద్యోగులమే అని సంతకం చేయించుకోవాలి. కొందరు టీచర్లకు అక్కడే కాలు సాగలేదు. అంతకుముందు గొడవపడి మానేసిన ఇంగ్లిష్ సార్ గేటు దాకా వచ్చి వెనక్కి వెళ్లిపోతే, నేనే ఆయన కాగితాలు తీసుకుని లోపలికి వెళ్లాను.

అసలు చిక్కు యూడైస్ దగ్గర వచ్చింది. ప్రతి బడీ తన పిల్లల, టీచర్ల వివరాలను ఏటా ప్రభుత్వానికి పంపే పట్టిక అది. మా దగ్గర పరిశీలన దాని ప్రకారమే జరిగింది. క్లర్కు కంప్యూటర్ తెరిచి మా బడి పట్టిక చూపినప్పుడు అందులో పద్నాలుగు పేర్లున్నాయి. శిక్షణ పూర్తికాని ఇద్దరివి, ఏడాది మధ్యలో చేరిన ఇద్దరివి, చిన్న తరగతులకు చెప్పే ఒక టీచరువి పేర్లు లేవు. ఆ టీచరు మా బడిలో అందరికంటే పాతది, పదహారేళ్లుగా అక్షరాలు దిద్దిస్తోంది. ఇంటర్ వరకే చదివింది కనుక ఆమె పేరు ఏ ఏడాదీ రాయలేదట. ఆమె కంప్యూటర్ తెర వైపు చాలాసేపు చూసి, "మరి నేనిన్ని రోజులు ఏడ పనిజేసినట్టు?" అని క్లర్కునే అడిగింది. ఆ పిల్లవాడు కూడా ఒకప్పుడు ఆమె దగ్గర అక్షరాలు దిద్దినవాడే. అతను లేచి నిలబడ్డాడు గానీ జవాబు చెప్పలేకపోయాడు.

ఐదుగురి పేర్లతో వేరే పత్రం రాసి, హాజరు రిజిస్టరు నకళ్లు జతచేసి పంపాం. వారిలో ఇద్దరికి వచ్చింది, ముగ్గురికి రాలేదు. అక్షరాలు దిద్దించే టీచరు ఆ ముగ్గురిలో ఉంది.

నా ఖాతాలో ఏప్రిల్ చివరి వారంలో రెండు వేలు పడ్డాయి. బియ్యం రేషన్ దుకాణంలో ఇచ్చారు, సన్నబియ్యం. వేలిముద్ర తీసుకుని సంచి తూచేటప్పుడు వరుసలో నా వెనక నిలబడినవారిలో ఒకరు, టీచర్లకు ఇవ్వడం మంచిదేనని అన్నారు, ఇంకొకరు మరి మా హోటల్ పనోళ్ల సంగతేమిటని అడిగారు. ఆయన అడిగినదానిలో తప్పేమీ లేదు. ఆ బియ్యంలో ఐదు కిలోలు పేరు లేని టీచరు ఇంటికి తీసుకెళ్లాను. ఆమె వద్దంది, తర్వాత తీసుకుంది.

రెండు వేల రూపాయలు సాయం, జీతం కాదు. ఈ తేడాను ఎవరూ ఎత్తిచూపకపోవడమే నన్ను ఇప్పటికీ కలచివేస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ ఉద్యోగులకు, పింఛనుదారులకు 2020లో ఆపిన మొత్తాన్ని 12 శాతం వడ్డీతో చెల్లించాలని అక్కడి హైకోర్టు చెప్పింది, 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని ఆరు శాతానికి తగ్గించినా వడ్డీ ఇవ్వవలసిందేనంది. ఆలస్యమైన జీతానికి వడ్డీ ఉండాలన్న న్యాయం ఒక రకం ఉద్యోగికి వర్తించిన కాలంలోనే, అసలు జీతమే బియ్యం సంచిగా మారిపోయి, దానితో మా బాకీ తీరినట్టే అందరూ భావించారు. సాయం వచ్చిన మరుసటి వారం మేము పాత బాకీ గురించి అడిగితే "గవర్నమెంట్ ఇచ్చింది కదా" అన్న జవాబే వచ్చింది. ఉమ్మడి రాష్ట్రంలో 1994లో వచ్చిన ఒకటో నంబరు జీవో, ప్రైవేటు బడి వసూలు చేసే ఫీజులో సగం సిబ్బంది జీతాలకు, మరో 15 శాతం పీఎఫ్, గ్రాట్యుటీ వంటి వాటికి కేటాయించాలని చెబుతుంది. ఎదురింటి ప్రధానోపాధ్యాయుడు తన పాత ఫైళ్లలోంచి ఆ ప్రతిని తీసి ఇచ్చినప్పుడు, దాన్ని పట్టుకుని రాత్రి లెక్క వేశాను. పిల్లల సంఖ్య, సగటు ఫీజు, జీతాల మొత్తం నాకు తెలిసినవే. మామూలు సంవత్సరాల్లో మా జీతాలు మూడో వంతు దాటలేదు.

2021 సెప్టెంబర్ 1న బడులు తెరిచారు. నన్ను పిలిచారు, పాత జీతానికే. నేను చేరేముందు రెండు విషయాలు రాతపూర్వకంగా అడిగాను. జీతం బ్యాంకు ఖాతాలో వేయాలి, నియామక పత్రం ఇవ్వాలి. మొదటిదానికి వెంటనే ఒప్పుకున్నారు. రెండోదానికి మూడు నెలలు పట్టింది. లాక్‌డౌన్ నాటి బాకీలో నాకు పదమూడు వేలు వచ్చాయి, మిగతాది రాలేదు, వస్తుందని కూడా నేను అనుకోవడం లేదు. సైన్స్ సార్ తిరిగి రాలేదు, టిఫిన్ బండి ఇప్పుడు చిన్న హోటలైంది.

ఆ ఏడాది యూడైస్ వివరాలు నింపే రోజు సాయంత్రం బడి వదిలాక నేను ఇంటికి పోకుండా క్లర్కు గదిలో కూర్చున్నాను. నా చేతిలో హాజరు రిజిస్టరు. నేను ఒక్కొక్క పేరు చదువుతుంటే అతను ఎక్కించాడు. అక్షరాల టీచరు పేరు దగ్గర విద్యార్హత గడిలో ఏం రాయాలని అడిగితే, ఉన్నదే రాయమన్నాను. ఇంటర్మీడియట్ అని రాశాడు. అనుభవం గడిలో పదహారేళ్లు అని రాశాడు.